గోడ మందు తాగుమన్నది

మీలో ఎవరైనా రేపో ఎల్లుండో రోగుల ఇళ్లకు తిరిగే ఉద్యోగంలో చేరబోతుంటే ముందుగా ఒక మాట చెప్పాలి. మీ చేతికి ఒక సంచి ఇస్తారు. అందులో బోర్డులు, డబ్బాలు, గడియారాలు ఉంటాయి. ఆ సంచిని ఒకరి గడప లోపల విప్పబోయేముందు నేను మీకు గుర్తుకు రావాలి. మంచిగా అక్కర్లేదు, చెడ్డగా గుర్తొచ్చినా చాలు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను. చివరి కొన్నేళ్లు మానసిక రోగుల ఇళ్లకు వెళ్లే ఒక పథకంలో పనిచేశాను. భూపాలపల్లి, జనగామ, మహబూబాబాద్, మూడు జిల్లాల దుమ్మూ తిన్నాను. ఏ పథకం, ఎవరిది అని మాత్రం అడగకండి. పేరు చెబితే ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లకు కోపం వస్తుంది. చెప్పకపోతే నాకు వస్తుంది. నా కోపం నాకు అలవాటే కాబట్టి చెప్పను.

పథకం వెనక ఉన్న ఆలోచన మంచిదే. తీవ్రమైన మానసిక జబ్బు వచ్చిన మనిషికి రోజు వరుస చెదిరిపోతుంది. స్నానం చేయాలని తెలుసు, బొక్కెన దగ్గరికి వెళ్లేసరికి ఎందుకొచ్చానో మరిచిపోతుంది. అన్నం తిన్నానో లేదో, గోలీ వేసుకున్నానో లేదో తెలియదు. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, తిడతారు. తిడితే గుర్తు రాదు కదా! అందుకని మనిషిని సర్దడం మాని ఇంటిని సర్దాలి. చేయవలసిన పని కంటికి ఎదురుగా కనబడేలా, చేతికి తగిలేలా వస్తువులు పెట్టాలి. ఇల్లే గుర్తు చేయాలి. ఇంత మంచి ఆలోచనను మేము ఎట్లా చెడగొట్టామో చెబుతాను.

పైనుంచి మాకు కిట్టు వచ్చింది. బొగ్గుబావి క్వార్టరుకూ అదే కిట్టు, పెంకుటింటికీ అదే కిట్టు. అందులో ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా ఉండేది, మూతల మీద వారాల పేర్లకు ఇంగ్లీషులో మొదటి అక్షరం ఒక్కటే. అలారం గడియారం ఒకటి. అన్నిటికంటే ముఖ్యం గోడకు కొట్టే పెద్ద బోర్డు. పసుపు రంగు మీద నల్లటి అక్షరాలు, దూరం నుంచి కూడా కనబడేంత లావు. అందులో ఆరు వాక్యాలు. ముఖము కడుగుము. స్నానము చేయుము. ఇట్లా సాగి అయిదో వాక్యం: ‘మందు మరువక తాగుము.’

గోలీకి ‘తాగుము’ ఏమిటని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. కషాయాల కాలంలో చదువుకున్న పెద్దమనిషి ఎవరో రాసి ఉంటాడు. మా దగ్గర ఎవరూ అట్లా అనరు. గోలీ అంటారు, వేసుకున్న అంటారు, మింగిన అంటారు. నేను స్టేషన్ ఘన్‌పూర్ పక్క పల్లెలో పత్తిచేల మధ్య పుట్టినదాన్ని. నాకు తెలియదా? తెలుసు. అయితే నర్సింగు చదివేటప్పుడు మొదటి నెలలోనే వార్డులో నేను ‘‘పెద్దమ్మా, గోలీ ఏసుకున్నవా?’’ అన్నాను. మాకు పాఠం చెప్పే టీచరమ్మ అందరి ముందూ పకపకా నవ్వింది. ‘‘గోలీలు పిల్లలు ఆడుకునేవమ్మా! మాత్ర అనాలి. మందు అనాలి. ఇంకోసారి ఆ మొరటు మాట నా వార్డులో వినబడకూడదు,’’ అంది. క్లాసు మొత్తం నవ్వింది. అప్పట్లో మా మాట సినిమాల్లో కూడా నవ్వించడానికే పనికొచ్చేది. ఆ రోజు నుంచి చదువుకున్నవాళ్ల ముందు గోలీని నా నోట్లోంచి తీసి పారేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

ఆ బోర్డు మొదటిసారి భూపాలపల్లిలో కొట్టాను. గని కార్మికుల క్వార్టర్లలో ఒక కార్మికుడి తమ్ముడికి జబ్బు. ఆ కార్మికుడి భార్య మాటకారి. నేను మేకు కొట్టి కిందికి దిగేసరికి ఆవిడ బోర్డు చదివి కడుపు పట్టుకుని నవ్వింది.

‘‘సిస్టరమ్మా! మందు మరువక తాగుమని సర్కారోళ్లే రాసిచ్చిండ్రా? మా ఇంటాయనకు జూపియ్యకు. ఫ్రేము కట్టిచ్చి పూలదండ ఏస్తడు.’’

నేనూ నవ్వాను. ఆ సాయంత్రం ఆఫీసులో చెబితే పెద్దసారు కూడా నవ్వాడు. మా పథకానికి మూడు జిల్లాలకూ పెద్ద ఆయనే. నవ్వి, టీ తాగి, ఎవరి పని వాళ్లం చేసుకున్నాం. ఒక మాట ఒక ఇంట్లో నవ్వు పుట్టిస్తే ఇంకో ఇంట్లో ఏం పుట్టిస్తుందని మాలో ఒక్కరం ఆలోచించలేదు. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

తర్వాత నన్ను జనగామకు వేశారు. బచ్చన్నపేట వైపు ఒక ఊళ్లో ఇద్దరు అత్తాకోడళ్లు. అత్తకు డెబ్బై దాటాయి, చదువు రాదు. కోడలికి నలభై లోపు, ఏడో తరగతి చదివింది. పెళ్లయిన కొన్నాళ్లకే కోడలికి జబ్బు మొదలైంది. చెవిలో మాటలు వినబడేవి. భర్త పోయాడు. పిల్లలు లేరు. మా ఫారంలో భర్త అనే చోట చిన్న గడి ఉండేది. అందులో ‘మృతి’ అని రాశాను. ఎట్లా పోయాడని ఆ గడి అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ అత్త దగ్గర నేర్చుకోవాల్సింది పోయి ఆమెకు నేర్పడానికి వెళ్లాం చూడండి, అక్కడుంది మా తెలివి. మేము వెళ్లేసరికే ఆ ముసలామె తన ఇంటిని తన కోడలికి తగ్గట్టు సర్దుకుని ఉంది. పొద్దున చాయ్ గ్లాసు బోర్లించి దాని మీద గోలీ పెట్టేది. గోలీ తీస్తే గాని గ్లాసు రాదు, గ్లాసు వస్తే గాని చాయ్ రాదు. రాత్రి గోలీ కోడలి దుప్పటి చెంగుకు ముడి. కప్పుకోబోతే చేతికి తగిలేది. స్నానం మరిచిపోకుండా నీళ్ల బొక్కెన సరిగ్గా గడపకు అడ్డంగా పెట్టేది. దొడ్డి దాకా పాత చీర అంచును తాడులా కట్టింది, అది పట్టుకుని వెళ్తే కోడలు మధ్యలో దారి మరిచి నిలబడిపోయేది కాదు.

‘‘గివన్నీ ఎవరు చెప్పిండ్రవ్వా?’’ అని అడిగాను.

‘‘ఎవలు జెప్తరు బిడ్డా? ఆమె ఏడ ఆగుతాందో జూసిన. ఆగిన కాడ ఒకటి వెట్టిన,’’ అంది.

మా ట్రైనింగు మొత్తం కలిపినా ఆ రెండు ముక్కలకు సరిరాదు. అయినా ఏం చేశాను? పెద్దసారు ముందే చెప్పాడు, కిట్టు పెట్టకముందు ఒక ఫొటో, పెట్టాక ఒక ఫొటో పంపాలని. గోడ శుభ్రంగా కనబడాలట. గడపకు అడ్డంగా బొక్కెన, గుడ్డపేలికల తాడు ఉంటే పైవాళ్లు అపరిశుభ్రత అంటారట. నా చేతులతో నేనే ఆ తాడు విప్పాను. బొక్కెన జరిపాను. గ్లాసు మీది గోలీ తీసి ప్లాస్టిక్ డబ్బాలో వేశాను.

అవ్వ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. ‘‘గీ రెండు గదుల మీద ఒకటే బొమ్మ ఉన్నదేంది? ఏదేందో ఎట్ల ఎర్కయితది?’’ అంది.

‘‘అలవాటైతది అవ్వా,’’ అన్నాను.

‘‘గోడ మీద ఏం రాసిండ్రు?’’

‘‘టైముకు తినుమని, తానం జేయుమని, గోలీలు ఏసుకోమని రాసినం.’’

ఇదే నా తప్పు. ఆ రోజు చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. చదువు రాని మనిషి గోడ మీద ఏం రాసి ఉందని అడిగితే, రాసింది చదవలేదు. మాకు తెలిసిన అర్థం చెప్పాను. ఆమె అడిగింది రాతను, అర్థాన్ని కాదు.

కోడలు అప్పుడు వాకిట్లో కూర్చుని పత్తికాయలు ఒలుస్తోంది. లోపలికి వచ్చి బోర్డు ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. మేము ఫొటో తీసుకుని వచ్చేశాం.

పదిహేను రోజులకు మళ్లీ వెళ్తే పరిస్థితి తలకిందులైంది. కోడలు ఆ గదిలో అడుగు పెట్టడం మానేసింది. బర్లు అమ్మేశాక ఖాళీగా ఉన్న కొట్టంలో పడుకుంటోంది. గోలీల డబ్బా ఆ గదిలోనే ఉంది కాబట్టి గోలీలూ బంద్. తిండి సగమైంది. తలకు నూనె లేదు.

‘‘ఏమైందవ్వా?’’

‘‘ఏమో బిడ్డా, పరేషాన్ జేస్తాంది. గా గోడ తనను మందు తాగుమంటాందట. రోజొక్కతీరుగ ఏడుస్తాంది.’’

నేను కొట్టంలోకి వెళ్లి కోడలి పక్కన కూర్చున్నాను. ‘‘ఏమంటాంది గోడ?’’ అని అడిగాను.

‘‘మందు తాగుమంటాంది,’’ అంది. నా ముఖం చూడలేదు. ‘‘మరిచిపోకుమంటాంది.’’

‘‘ఎప్పుడంటది?’’

‘‘ఎప్పుడు జూస్తే గప్పుడు.’’

వింటున్నారా? ఎప్పుడు చూస్తే అప్పుడు! ఇంతకంటే తేటగా ఎవరైనా చెప్పగలరా? నేనేమో తల ఊపి, ఆమె ఫైలు తీసి, నా చేతిరాతతో రాశాను: ‘గోడ మాట్లాడుతోందని చెబుతోంది. ఆదేశించే మాటలు వినబడుతున్నాయి. జబ్బు ముదిరింది.’ నా వెనకే, వాకిలికి అవతల గదిలో ఆ బోర్డు వేలాడుతోంది. తిరిగి చూడలేదు. నేను కొట్టిన బోర్డును నేనెందుకు చదువుతాను?

మోతాదు పెంచారు. గోలీలు వేసుకోవడం లేదు కాబట్టి సూది మందు మొదలుపెట్టారు. ఆమె చేతులు బిగుసుకుపోయాయి, నోటివెంట చొంగ కారింది, పగలంతా మత్తు. మెలకువ వచ్చినప్పుడు మాత్రం అదే మాట. నెలన్నర గడిచింది. మీటింగులో పెద్దసారు ఆమె ఫైలు తెరిచి, ‘‘ఇంటి దగ్గర పెట్టి లాభం లేదు. కిట్టు ఇచ్చినా సహకరించడం లేదు. సిటీలో ఎక్కువ కాలం ఉంచుకునే వార్డు ఉంది కదా, పంపేద్దాం,’’ అన్నాడు.

‘‘అవ్వ ఒంటరిదైపోతుంది సార్,’’ అన్నాను.

‘‘సిస్టర్, మనం చూసేది పేషెంటును. ముసలామెను కాదు.’’

ఎద్దు పుండు కాకికి ముద్దా? ఆ వార్డుకు వెళ్లినవాళ్లలో ఎందరు తిరిగి వస్తారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒకసారి పోతే ఊరు మరిచిపోతుంది, రేషన్ కార్డులో పేరు పోతుంది, ఆ మనిషి ఇక అక్కడి మనిషే. అయినా నేను నోరు మూసుకున్నాను. ఆమె జబ్బు ముదిరిందని రాసింది నేనే కదా. నా రాతను నేనే ఎట్లా కాదంటాను?

బండి వెళ్లిన రోజు చెబుతాను.

పొద్దున పది గంటలు. పెద్దసారు, నేను, మా డ్రైవర్. డ్రైవర్ జనగామ మనిషి, ముసల్మాను. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. చదువు ఉర్దూ మీడియంలో అయింది. తెలుగు బోర్డులు చదవడం బండి నడుపుతూ నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరం పైకి పలికి, కూడబలుక్కుని చదివేవాడు. దారి పొడవునా దుకాణాల పేర్లు అట్లా చదువుతుంటే ఆఫీసులో అందరూ ఆటపట్టించేవాళ్లు, నాతో సహా.

మమ్మల్ని చూడగానే కోడలు కొట్టంలో గుంజను కావలించుకుంది. అవ్వ వాకిట్లో అడ్డం నిలబడింది. పెద్దసారు కాగితం తీసి, వేలిముద్ర వేయమన్నాడు.

‘‘ఏం రాసిండ్రు దీంట్ల?’’

‘‘మీ కోడలికి మంచి వైద్యం కోసం తీసుకుపోతున్నామని. మీ మంచికే అవ్వా.’’

‘‘నా కొడుకు పాయె. గీమెను గూడ తోల్కపోతె నేనెవల కోసం పొయ్యి ముట్టియ్యాలె సారూ?’’ అంది. ఏడవలేదు. అడిగింది. ఆయన గడియారం చూసుకున్నాడు.

నేను ఏమీ చేయలేక, బట్టలైనా సర్దాలి కదా అని, ‘‘భాయ్, జర లోపల్నుంచి ఆమె బట్టల మూట తెస్తవా?’’ అన్నాను. డ్రైవర్ చెప్పులు విడిచి గదిలోకి వెళ్లాడు. క్షణం గడిచింది. రెండు క్షణాలు. తర్వాత లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది. తన అలవాటు ప్రకారం పైకి, అక్షరం అక్షరం:

‘‘మం...దు... మ...రు...వ...క... తా...గు...ము.’’

గొంతు ఆగింది. మళ్లీ గబగబా ఒకేసారి: ‘‘మందు మరువక తాగుము.’’

ఆ వెంటనే మూట లేకుండా బయటికి వచ్చాడు. ముఖం తెల్లబోయింది. ‘‘తౌబా, తౌబా! సిస్టరమ్మా, గిదేం రాత? మందు తాగి సచ్చిన మనిషి ఇంట్ల మందు తాగుమని రాసి పెడ్తరా ఎవలన్న?’’

కొట్టంలో కోడలు గుంజను వదిలి లేచి నిలబడింది. రెండు నెలల్లో మొదటిసారి ఆమె నా కళ్లలోకి చూసింది.

‘‘ఇన్నరా?’’ అంది. ‘‘ఆయనకు గూడ ఇనబడ్డది.’’

పత్తి ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లెవరికైనా మందు తాగడమంటే ఒకటే అర్థం, పురుగుల మందు తాగి చావడం. ‘ఫలానా ఆయన మందు తాగిండు’ అంటే ఊరు ఊరంతా పరుగెత్తుకొస్తుంది. నా చిన్నతనంలో మా వాడకట్టులోనే ఆ కేక రెండుసార్లు విన్నాను. పంట పోయిన ఏడాది ఆమె భర్త పోయింది అట్లాగే, ఆ గదిలోనే. ఊళ్లో చాయ్ దుకాణం దగ్గర మా కోసం ఎదురుచూస్తూ కూర్చునే డ్రైవరుకు ఆ సంగతి తెలుసు. ఫైలు రాసిన నాకు తెలియదు. ఆ గదిలో, అదే గోడకు, పసుపు బోర్డు మీద లావు లావు అక్షరాలతో, ‘మరువక’ అని కూడా చేర్చి, నేను నిచ్చెన ఎక్కి మేకులు కొట్టి వచ్చాను. ఇంట్లో చదువొచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మేము రాసింది ఆమె చదివింది. చదివింది చదివినట్టు మాకు చెప్పింది. మేము దానికి జబ్బు అని పేరు పెట్టి, సూదులు పొడిచి, చేతులు బిగుసుకుపోయేలా చేసి, చివరికి బండి తెచ్చాం.

అవ్వ నా దగ్గరికి వచ్చింది. ‘‘బిడ్డా, గట్లనే ఉన్నదా గోడ మీద? నువ్వు నాకు గోలీలని జెప్పితివి గదా?’’

‘‘గట్లనే ఉన్నదవ్వా,’’ అన్నాను. ‘‘నేను నీకు సదివి ఇనిపియ్యలే.’’

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చీర చెంగు నోట్లో కుక్కుకుని గడప మీద కూలబడింది.

నేను లోపలికి వెళ్లి బోర్డు పట్టుకుని లాగాను. మేకులు నేనే గట్టిగా కొట్టానేమో, రాలేదు. డ్రైవర్ వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. గోడ పెచ్చుతో సహా ఊడింది.

పెద్దసారు గుమ్మంలో నిలబడి, ‘‘సిస్టర్, అది పథకం ఆస్తి,’’ అన్నాడు. ఆ మాట నేను కల్పించి రాయడం లేదు. అదే అన్నాడు. ‘‘ఆ భాష పైన కమిటీ ఆమోదించింది. మందు అంటే మందే. వీళ్లు తప్పుగా అర్థం చేసుకుంటే మనమేం చేస్తాం?’’

‘‘తప్పుగా అర్థం జేసుకున్నది ఆమె గాదు సార్, మనం,’’ అన్నాను. ఎన్నో ఏళ్ల తర్వాత ఆఫీసరు ముందు నా ఇంటి మాట నా నోట్లోంచి వచ్చింది. ‘‘ఆమె మంచిగనే సదివింది. మనకే సదువు రాదు. వెంటబోయే నర్సుగ నేను సంతకం వెట్ట. మీరు తోల్కపోతరా, తోల్కపోండ్రి. నేనైతే ఈడనే కూసుంట.’’

నర్సు సంతకం లేకుండా ఆడమనిషిని బండి ఎక్కించే వీలు లేదు. ఆయన నన్ను చూశాడు, డ్రైవరును చూశాడు. డ్రైవర్ బండి తాళంచెవి జేబులో వేసుకుని, అవ్వ పక్కన గడప మీద కూర్చున్నాడు. పెద్దసారు ఎండలో నడుచుకుంటూ బస్సు స్టాపు దాకా వెళ్లాడు. ఈ కథలో నాకు తృప్తినిచ్చే భాగం ఏదైనా ఉంటే అదొక్కటే.

మర్నాడు డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాం. ఆయన తల పట్టుకున్నాడు. సూది ఆపి పాత మోతాదుకు తెచ్చాడు. ఫైల్లో నేను రాసిన వాక్యం కొట్టేయబోతే, రికార్డు దిద్దకూడదని గుమాస్తా అడ్డం పడ్డాడు. దిద్దకూడదు, నిజమే. కింద ఇంకో వాక్యం రాయొచ్చు కదా! రాశాను: ‘గోడ మాట్లాడిన మాట నిజం. ఆ మాట మేము రాసింది.’ కింద సంతకం పెట్టాను. దానికి వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. పథకం ఆస్తిని పాడుచేసినందుకు సంజాయిషీ ఇవ్వమని! ఒక మనిషి రెండు నెలల బతుకును పాడుచేసినందుకు మాత్రం ఈనాటికీ ఎవరూ ఎవరినీ సంజాయిషీ అడగలేదు. నన్ను కూడా.

అవ్వ ఇంట్లో మళ్లీ చీర అంచు తాడు కట్టాం. ఆ తాడు విప్పిన రోజే చుట్ట చుట్టి అటక మీద పెట్టాను, పారేయలేదు. అంతవరకు బుద్ధి పనిచేసింది. బొక్కెన గడపకు అడ్డం వచ్చింది. గ్లాసు బోర్లింది, దాని మీద గోలీ ఎక్కింది. వెంటనే బాగైపోయిందని చెబితే అబద్ధం. కోడలు ఆ గదిలోకి రావడానికి ఇంకో నెల పట్టింది. చెవిలో మాటలు పూర్తిగా పోలేదు, పోవు కూడా. గోడ మాత్రం మాట్లాడటం మానేసింది.

నన్ను మహబూబాబాద్ బదిలీ చేశారు. శిక్ష అనుకున్నారు పాపం. అక్కడ నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. మొదటిసారి ఏ ఇంటికి పోయినా సంచి బండిలోనే ఉండాలి. ఉత్త చేతులతో పోయి, మనిషి ఎక్కడ ఆగుతోందో చూడాలి. ఇంట్లోవాళ్లు అప్పటికే ఏం పెట్టుకున్నారో అడగాలి. ఏదైనా రాయాల్సి వస్తే ఆ మనిషినే రాయమనాలి, లేదా ఆ మనిషి నోటి మాటను అట్లాగే రాసి, పైకి చదివించాలి. మెదడుతో చదివితే చాలదు, నోటితో చదవాలి. ఒక్కో అక్షరం, మా డ్రైవర్ భాయ్ చదివినట్టు. ఆఫీసు వాళ్లు పెట్టిన కిట్ల లెక్క ఎక్కడని గోలచేశారు. గోల నాకు కొత్త కాదు.

రిటైరయ్యే ముందు ఒకసారి బచ్చన్నపేట వైపు పనిపడింది. ఆ ఇంటికి పోకుండా ఉండలేకపోయాను. పోవడానికి ముఖమూ చెల్లలేదు. అవ్వ వాకిట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. నన్ను చూసి, ‘‘రా బిడ్డా, చాయ్ తాగుదువు,’’ అంది. అంతే, ఆ రోజు సంగతి ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

గుమ్మం దాటబోతూ ఆగాను. తలుపు పక్కన, బయటి గోడ మీద, బొగ్గుతో రాసిన అక్షరాలు. ఏడో తరగతి చేతిరాత, గుండ్రంగా, కొంచెం కిందికి వాలి ఉంది. నేను పెదవులు కదిపి, పైకి, అక్షరం అక్షరం చదివాను.

‘‘ఈ గోడ మాది. లోపటికి వచ్చేటోళ్లు అడిగి రావాలె. రాసేటోళ్లు అడిగి రాయాలె.’’

‘‘ఏం సదువుతానవ్ బిడ్డా?’’ అంది అవ్వ వెనక నుంచి.

అర్థం చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను. ముసలామె విని, ‘‘గది గా పిల్లనే రాసింది. మంచిగ రాసిందా?’’ అని అడిగింది.

‘‘మంచిగ రాసిందవ్వా. మాకంటె మంచిగ రాసింది.’’

చెప్పులు విడిచి, గడప బయటే నిలబడి పిలిచాను. ‘‘అమ్మా, నేను సిస్టరమ్మను. లోపటికి రావచ్చునా?’’

లోపల గ్లాసుల చప్పుడు వినబడింది.

‘‘జర ఆగు,’’ అంది కోడలు. ‘‘గోలీ ఏసుకుంటున్న.’’

ఆగాను.